యల్లాప్రగడ సుబ్బారావు గారు – జీవకణ రహస్యము

నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జగన్నాథము, వెంకమ్మ దంపతులకు సుబ్బారావు గారు జన్మించిరి. బాల్యము దారిద్ర్యముననే గడచెను. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు వెడలిన ఆ బాలుని పెద్దలు త్రోవలో పట్టుకొనివచ్చి మరల బడిలో కూర్చుండబెట్టిరట. ఆ చదువైనను సుగమముగా సాగలేదు. మెట్రిక్యులేషను మూడవ పర్యాయమునగాని చేజిక్కలేదు. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సకు పూనుకొన్నందున ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే పొందిరి.

సంగ్రహణి వ్యాధి వారి సోదరులనిద్దరిని స్వల్ప వ్యవధిలో బలిగొనెను. రక్తము పలుచబడి మనిషి శుష్కించిపోవు ఆ వ్యాధికి నాటి వైద్యులు చేయగలిగినది స్వల్పము. ఆ దుఃఖమును మనసున నిడుకొనియే సుబ్బారావు గారు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, మామగారి సాయమున, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయమున బోస్టను నగరము చేరిరి. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల పాత్రలు కడుగు కొలువు. భార్య శేషగిరి గారు స్వదేశముననే యుండిపోయిరి. ఆ దంపతులు మరల కలిసికొనలేదు. విద్యకు చెల్లించిన వెలలో ఈ పద్దు చిన్నది కాదు.

హార్వర్డులో ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కూడి 1925లో శరీరమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వెల్లడించిరి. జర్మనీలో లోమన్ కూడ ఆ యేడే ఏ.టి.పి.ని కనుగొనెను. గాదెలో ధాన్యమెంత యున్నను చేతిఖర్చునకు రొక్కము కావలెను గదా! జీవకణమున ఆ రొక్కము ఏ.టి.పి.యే.

జీవకణమును ఒక గ్రామముగా భావింపవచ్చును. నడుమ కేంద్రకము, దాని ప్రక్కనే సెంట్రోసోము, గాల్జీ అంగము, అంతటను ఏ.టి.పి.ని తయారుచేయు మైటోకాండ్రియాలు. ఒక కణము రెండగు వేళ రాగానే ఈ కాపురమంతయు తారుమారగును. సెంట్రోసోము రెండై చెరియొక ధ్రువమునకు తొలగును, గాల్జీ తునాతునకలగును, కేంద్రకపు పొర విచ్చిపోవును, మైటోకాండ్రియాలు చిన్న తునకలై ఇరుదిక్కులకు పంపిణీ యగును. విభాగము ముగిసిన పిమ్మట ప్రతి అంగము తన నెలవు చేరుకొనును. సన్నని దారముల వెంట సాగు ఈ రాకపోకలకు ఏ.టి.పి. విరివిగా ఖర్చగును. కాప్రాకు అనతిదూరమున హబ్సిగూడలోనున్న సి.సి.ఎం.బి. వంటి సంస్థలలో నేడు జీవకణములను గూర్చిన పరిశోధనలే సాగుచున్నవి.

ఇంత సంరంభమునకు ముందు, కేంద్రకమునందలి డి.ఎన్.ఏ.కు సరియైన నకలు సిద్ధము కావలెను. నకలు వ్రాయుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అది కొరవడినచో కణము శరీరము పెరుగునే గాని కేంద్రకము పక్వము కాదు; విభాగము నిలిచిపోవును. ఎముకల మూలుగలో ఇట్టి పెద్ద కణములే మిగిలి రక్తహీనత కలుగును. ఆహారసారము ప్రేగులకు ఒంటబట్టని సంగ్రహణిలో జరుగునది చాలవరకు ఇదియే.

1940లో సుబ్బారావు గారు న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్‌లోని లెడర్లీ పరిశోధనశాలకు తరలిరి. 1945లో వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. సంగ్రహణి రోగుల రక్తము దానితో కోలుకొనుట వైద్యులు చూచిరి. సోదరులు పోయి అప్పటికి ఇరువది యేండ్లు దాటినది.

పిదప అదే తర్కము తలక్రిందుగా నడచెను. మితిమీరి విభజించు కణములకు ఆ ఆమ్లమును అందకుండ చేసిన నేమగును? వారి బృందము సిద్ధపరచిన అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన శిశువులకిచ్చి, 1948 జూన్‌లో ఫలితములు ప్రకటించెను. 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడినది. అది తాత్కాలికోపశమనమే, అయినను, మందుతో ఆ వ్యాధిని వెనుకకు నెట్టవచ్చునని అంతవరకు నమ్మినవారు అరుదు. దాని సజాతీయమైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

బోదకాలు వ్యాధికి హెట్రజాన్, ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవి నాశకము గూడ ఆ శాలనుండియే వెలువడినవి. అమెరికా పౌరసత్వము స్వీకరింపకయే, 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలో గుండె ఆగి, 53వ యేట వారు దివంగతులైరి. 1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ వారి బొమ్మతో బిళ్ళను వెలువరించెను.