ఆచార్య వినోబా భావేగారి జీవితము

వెట్టిచాకిరి యన నెట్టిదో నేటి మన విద్యార్థులు కన్నులార చూచి యుండరు. నిజాము పాలనకాలమున తెలంగాణములో దొరల గడీలయందు పల్లెప్రజలు కూలి లేకయే పని చేయవలసి యుండెను. చేసిన యప్పు తీరక తరతరములు భగేలాలై బ్రతికిన కుటుంబములును కలవు. మన కరీంనగరము సీమయు నీ బాధకు వెలి గాదు. 1946లో రైతుల సాయుధపోరాటము చెలరేగెను. 1948 సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించి నిజాము పాలన ముగిసినను, పోరు 1951 అక్టోబరువరకు సాగెను. వెట్టిసంకెల చాలచోట్ల తెగెను. కాని పొరుగువాడు పొరుగువానిని నమ్మడాయెను. విడుదల పొందిన పేదకు దున్నుకొన చెలక లేదాయెను. అట్టి వేళ ఈ సీమకు నడచి వచ్చిన మహనీయుని చరిత్రమును మేమిట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వినాయక నరహరి భావేగారు 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రమందలి గాగోదె గ్రామమున జన్మించిరి. 1916లో ఇంటర్మీడియెటు పరీక్షకు బొంబాయి వెళ్లవలసినవారు త్రోవ మార్చి కాశీకేగిరి. ఆ యేడే గాంధీమహాత్ముని ఆశ్రమమున చేరిరి. 1940లో వ్యక్తి సత్యాగ్రహమునకు మహాత్ముడు మొదటివానిగా నెన్నుకొనినది వీరినే.

1951 మార్చిలో వీరు వార్ధా చెంతనున్న పౌనారునుండి కాలినడకన బయలుదేరి, హైదరాబాదు సమీపమున శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమావేశమునకు వచ్చిరి. చెరసాలలోనున్న కమ్యూనిస్టులను చూచి మాటలాడి, పిమ్మట పోరు రగులుచున్న పల్లెలకే నడచిరి. ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో హరిజనులు తమకు 80 యెకరముల భూమి కావలెనని విన్నవించుకొనిరి. ఊరివారిలో నెవరైన నీయగలరాయని వినోబాగారు సభలో నడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 యెకరము లిచ్చెదమనిరి. భూదానోద్యమమున కదియే తొలిమెట్టు. తెలంగాణములో 51 దినములు తిరిగి వీరు 12,000 యెకరములకు పైగా సంపాదించిరి.

ఇచట అమెరికాదేశపు సంగతి యొకటి మనకు జ్ఞప్తికి వచ్చుచున్నది. నాలుగేండ్ల అంతర్యుద్ధానంతరము 1865లో అచట సుమారు 40 లక్షల బానిసలు విముక్తులైరి. సేనాని షెర్మను కొందరికి కుటుంబమునకు 40 యెకరములవరకు పంచుటకు ఉత్తరువు చేసెను. ఆ యేడే అధ్యక్షుడు జాన్సను అందు పెక్కు భూములను పూర్వపు యజమానులకు మరల నిప్పించెను. పిదప విముక్తులలో అనేకులు పరుల పొలములను పాలునకు చేసి అప్పులలో మునిగిరి. కాళ్లసంకెల తెగినను కాలూనుటకు నేల లేనిచో స్వేచ్ఛ సగమే యని దీనివలన తెలియుచున్నది.

భూదానము లోపరహితమని మేము చెప్పము. దేశమంతట నడచి వినోబాగారు 40 లక్షల యెకరములకు మించి దానము పొందిరి గాని, అందు రాళ్లనేలలును, తగవులనేలలును కలవు. చాలభాగము పేదల చేతికి చేరనేలేదు. దానము మాత్రము చాలదు, చట్టమును వలయును. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము అట్టిదే. అయినను కత్తులు నూరుకొనుచున్న కాలమున ఇచ్చువానిని పుచ్చుకొనువానిని ఒక్క చెట్టునీడకు చేర్చిన కీర్తి వీరిది. చట్టము పొలము నీయగలదు, పొత్తు నీయలేదు.

1982 నవంబరు 15న పౌనారులో వీరు పరమపదించిరి. మరుసటియేట భారతరత్న బిరుదము ప్రకటింపబడెను. విద్యార్థులారా! మీ తాతలనాటి వెట్టికథలను ఇంటి పెద్దల నడిగి తెలిసికొనుడు. పగ తీర్చుకొనుటకు గాదు. విడిపించిన పని యెంత, మిగిలిన పని యెంతయో ఎరుగుటకు.