ఎత్తులు కొలిచిన క్వెట్లే

మొన్న మెడికల్ చెకప్‌లో మన కార్డుల మీద ఎత్తు, బరువు పక్కన ఇంకో అంకె వేశారు కదా. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే అది వస్తుంది. ఆ సూత్రం ఎవరిదని లెక్కల సారును అడిగితే అడాల్ఫ్ క్వెట్లే అని చెప్పారు. ఈసారి ఆయన సంగతే రాస్తున్నాను.

క్వెట్లే గారు 1796 ఫిబ్రవరి 22న గెంట్ పట్టణంలో పుట్టారు. అది ఇప్పటి బెల్జియంలో ఉంది. ఏడేళ్ళప్పుడే తండ్రి పోయారు. చదువు కాగానే బతుకుతెరువు కోసం బడిలో లెక్కలు చెప్పారు. 1819లో డాక్టరేటు వచ్చింది. నక్షత్రాలు చూసే అబ్జర్వేటరీ కట్టించాలని పట్టుబట్టి, ఆ పని నేర్చుకోడానికి 1823లో పారిస్ వెళ్ళారు.

అసలు కథ అక్కడ మొదలైంది. ఒకే నక్షత్రాన్ని పదిసార్లు కొలిస్తే పది రకాలుగా వస్తుంది. కానీ ఎక్కువ కొలతలు మధ్యలోనే పోగవుతాయి. మరి మనుషుల్ని కొలిస్తే ఎలా ఉంటుందని ఆయన ఆలోచించారు.

5,738 మంది స్కాట్లాండ్ సైనికుల ఛాతీ కొలతలు ఒక వైద్య పత్రికలో అచ్చయి ఉన్నాయి. వాటిని తీసుకుని పౌనఃపున్య పట్టిక వేశారు. 33 అంగుళాల వాళ్ళు ముగ్గురే, 48 అంగుళాల వాడు ఒక్కడే. 39, 40 అంగుళాల దగ్గర మాత్రం ఒక్కోచోట వెయ్యి మంది పైనే. బొమ్మ గీస్తే కళ్ళంలో ధాన్యం కుప్ప పోసినట్టే ఉంటుంది!

ఇంకోటి నాకు భలే నచ్చింది. ఫ్రాన్సులో సైన్యానికి పిలిచిన లక్ష మంది ఎత్తులు చూశారు. 157 సెంటీమీటర్లకు తక్కువుంటే సైన్యంలోకి తీసుకోరు. ఆ గీతకు కింద ఉండాల్సిన దానికన్నా జనం ఎక్కువున్నారు, గీతకు కాస్త పైన తక్కువున్నారు. అంటే సుమారు 2,000 మంది పొట్టివాళ్ళమని తప్పించుకున్నారన్నమాట. ఎవర్నీ అడక్కుండానే కుప్పకు పడిన సొట్టను చూసి పట్టేశారు.

అయితే ఒక్క విషయంలో నేను ఆయనతో ఒప్పుకోను. సగటు మనిషే ప్రకృతి అనుకున్న మనిషనీ, మిగతా వాళ్ళు గురి తప్పిన కొలతల్లాంటి వాళ్ళనీ ఆయన నమ్మారు. ప్రేయర్ లైన్లో ముందు నిలబడేది నేనే. నేను తప్పెలా అవుతాను?

మా తొమ్మిదో తరగతి ఎత్తులన్నీ డార్మిటరీ గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాను. (తర్వాత తుడిచేశాను, వార్డెన్ గారూ.) ఒక కుప్ప కాదు, రెండు కుప్పలు వచ్చాయి. మాలో కొందరు ఊళ్ళో బడి లేక ఆలస్యంగా చేరారు, వాళ్ళకు మాకంటే రెండు మూడేళ్ళు ఎక్కువ. సగటు తీస్తే రెండు కుప్పల మధ్య పల్లంలో పడింది. సరిగ్గా ఆ ఎత్తున్నవాడు క్లాసులో ఒక్కడూ లేడు. కిందటేడు యూనిఫాం ఆ లేనివాడికే కుట్టినట్టున్నారు. నా చొక్కా మోకాళ్ళ దాకా వచ్చింది, వెనక బెంచీ వాళ్ళకు చంకలో చిరిగింది.

క్వెట్లే గారికి 1855లో పక్షవాతం వచ్చింది. అయినా పని మానలేదు. 1874 ఫిబ్రవరి 17న బ్రస్సెల్స్‌లో చనిపోయారు. మన కార్డు మీది సూత్రం ఆయన 1832లోనే రాశారు. దానికి బీఎంఐ అనే పేరు 1972లో వచ్చింది.

మా ఎత్తుల పట్టికను పేర్లు లేకుండా ఈ కాగితం కిందే అంటించాను. ఈ ఏడు బట్టల ఆర్డరు ఇచ్చేముందు వార్డెన్ గారు ఒకసారి చూడాలని కోరుతున్నాను.