వైట్‌ఫీల్డ్‌కు పుట్టినరోజు శుభాకాంక్షలు

మా వైట్‌ఫీల్డ్‌కు ఇది 145వ ఏడు. బెంగళూరు తూర్పు చివరన ఉన్న ఈ ఊరు ఐటీ కంపెనీలతోనే పుట్టిందనుకునే మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఇక్కడ కాపురాలు పెట్టారు. ఈ పుట్టినరోజు వాళ్లది కూడా.

1882లో మైసూరు మహారాజు పదవ చామరాజేంద్ర ఒడెయరు యూరేషియన్, ఆంగ్లో ఇండియన్ సంఘానికి 3,900 ఎకరాలు ఇచ్చారు. బ్రిటిష్‌వారు రాజ్యాన్ని ఒడెయర్లకు తిరిగి అప్పగించి అప్పటికి ఏడాదే. రాజుగారి వయసు 19. ఆ వయసులో అంత పెద్ద మనసు చూపిన రాజుకు ముందుగా దండం పెట్టాలి. అడిగినవాళ్ల కష్టం అలాంటిది. ఒకవైపు ఐరోపా రక్తం, మరోవైపు మన దేశపు రక్తం. దొరలు తమ పంక్తిలో కూర్చోబెట్టుకోలేదు, మనవాళ్లూ మనసారా కలుపుకోలేదు. నమ్ముకున్న సర్కారు కొలువులు కూడా చేజారుతున్నాయి. సొంత నేల, సొంత ఊరు ఉంటే తప్ప తమవాళ్లు తలెత్తుకోలేరని మద్రాసులో సంఘం పెట్టిన డి.ఎస్. వైట్ గట్టిగా నమ్మారు. ఊరికి ఆయన పేరే పెట్టుకున్నారు.

కొత్త నేల మీద ఊరు కట్టుకున్నవాళ్ల కథలంటే నాకు ప్రాణం. 1763లో రష్యా మహారాణి కేథరిన్ ఇచ్చిన పిలుపు విని జర్మన్ రైతులు వోల్గా ఒడ్డుకు వెళ్లారు. 1819లో మరికొందరు కాకసస్ కొండల దగ్గర హెలెనెన్‌డోర్ఫ్ కట్టుకుని ద్రాక్షతోటలు పెంచారు. 1941లో స్టాలిన్ వాళ్ల వారసులను రైళ్లెక్కించి దూరప్రాంతాలకు తరిమేశాడు. ఊళ్లు మిగిలాయి, కట్టినవాళ్లు మిగల్లేదు. వైట్‌ఫీల్డ్‌ను కట్టినవాళ్లను మాత్రం ఎవరూ వెళ్లగొట్టలేదు. ఈ పండగలో నాకు అన్నిటికన్నా ఆనందం కలిగించేది అదే.

వాళ్లకు సేద్యం అంత కలిసిరాలేదు. కలం పట్టిన చేతులు, వాన మీద ఆధారపడిన మెట్ట నేల. అనుకున్నంతమంది రానూ లేదు. పిల్లలు రైల్వేకు, కోలారు బంగారు గనులకు వెళ్లిపోయారు. ఉద్యోగం ముగిశాక చాలామంది మళ్లీ ఇక్కడికే చేరారు. నడుమ పచ్చిక, చుట్టూ పెంకుటిళ్లు, వాటి ముందు తోటలు, గుండ్రంగా సాగే ఇన్నర్ సర్కిల్, దాని వెలుపల ఔటర్ సర్కిల్: ఊరిని గీసిన తీరులోనే ఎవరి గడప ఎవరికీ దూరం కాకూడదన్న ఆశ కనిపిస్తుంది. ఊళ్లోని వేవర్లీ ఇన్ సత్రానికి కుర్రవాడైన చర్చిల్ వచ్చేవాడని చెప్పుకుంటారు. చెప్పుకోనీ. నాకు ముద్దొచ్చేది ఆ గుండ్రటి వీధే.

తెలుగు ఇక్కడికి ఐటీతో రాలేదు. కోలారు వైపున్న ఊళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. పుట్టపర్తి నుంచి సత్యసాయిబాబా వచ్చి కాడుగోడి దగ్గర బృందావనం ఆశ్రమం పెట్టారు. 1990లలో ఐటీపీఎల్ అనే ఐటీ పార్కు లేచింది. జర్మనీవారి ఎస్ఏపీ ల్యాబ్స్ కూడా ఇక్కడే గూడు కట్టుకుంది. 2023 మార్చిలో మెట్రో వచ్చి కాడుగోడి స్టేషన్ తెరుచుకుంది.

అంత పెద్ద నగరం మీద పడినా పాత బంగళాలను, వాటికి నీడనిచ్చే చెట్లను అమ్ముకోకుండా కాపాడుకొస్తున్న ఇన్నర్ సర్కిల్ కుటుంబాలకు చేతులెత్తి నమస్కారం. పొలాల మీద మేడలు లేస్తుంటే చూస్తూ, వచ్చినవాళ్లందరికీ చోటిచ్చిన కాడుగోడి, హూడి, వర్తూరు పెద్దలకు నమస్కారం. 2032లో నూటయాభై నిండుతాయి. ఆ పండగకు కన్నడం, తమిళం, ఇంగ్లీషు, తెలుగు అన్నీ మోగాలి. మన పిల్లలు ఇప్పటినుంచే ఓ ఆదివారం పొద్దున ఇన్నర్ సర్కిల్ చుట్టూ నడిచి, అక్కడి పెద్దవాళ్లను పలకరించి రావాలి. వైట్‌ఫీల్డ్, నిండు నూరేళ్లు నీకెప్పుడో దాటాయి. ఇంకెన్నో నూరేళ్లు పచ్చగా ఉండు!