ఆలకించిన గురువు – రెవరెండ్ చాడ్ వారా

రెవరెండ్ చాడ్ వారాగారు 1911వ సంవత్సరమున ఇంగ్లండులోని బార్టన్ అను ఊరిలో ఒక గురువుగారి కుమారుడుగా జన్మించిరి. 1935లో లింకన్ పట్టణమున సహాయ గురువుగా ఆయన జరిపించిన మొదటి భూస్థాపన ఒక 14 ఏండ్ల బాలికది. ఆమె రజస్వలయై, దానిని చెడ్డ రోగమని భ్రమపడి, అడుగుటకు ఎవరును లేక ప్రాణము తీసుకొనెను. ఆ సమాధియొద్ద కలిగిన వేదన ఆయనను జీవితాంతము విడువలేదు.

1953లో ఆయన లండనులోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ దేవాలయమునకు గురువై, నవంబరు 2న నిరాశలో నున్నవారి కొరకు అచ్చట టెలిఫోను సేవ ప్రారంభించిరి. ఆయనను చూడవచ్చినవారు కాచుకొని యుండగా స్వచ్ఛంద సేవకులు టీ యిచ్చి ప్రక్కన కూర్చుండెడివారు. వారితో మనసు విప్పిన పిమ్మట అనేకులకు గురువుగారి అవసరమే లేకపోయెను. ఇది గ్రహించి 1954లో ఆయన ఆ పనిని వారి చేతులకే అప్పగించిరి. అదియే సమరిటన్స్ సంస్థ. అచ్చట మతబోధ చేయరు. ఓపికతో విందురు, రహస్యము కాపాడుదురు.

ఆయన 2007లో ఈ లోకము విడిచిరి. ఈ మార్గముననే 1986లో మద్రాసున స్నేహ, 1997లో హైదరాబాదున రోష్నీ అను సంస్థలు వెలసినవి.

ప్రియ సంఘస్థులారా, పరీక్ష తప్పిన బిడ్డయో, అప్పులపాలైన రైతో మన ప్రక్క బల్లమీదనే కూర్చుండవచ్చును. ఉపదేశము తరువాత చేయవచ్చును. ముందు ఒక కప్పు టీ యిచ్చి వారి మాట ఆలకింతము.