పగడాల రంగు కాపాడిన దైవజనుడు

పగడం అనగానే మనలో చాలామందికి ఉంగరంలో పొదిగిన ఎర్రరాయి గుర్తొస్తుంది. యోబు గ్రంథం 28వ అధ్యాయం జ్ఞానానికి వెలకట్టబోయి, పగడాలు దాని ముందు ఏపాటివని పక్కన పెట్టేస్తుంది. యెహెజ్కేలు 27వ అధ్యాయంలో అవి తూరు పట్టణపు బజారులో సరుకు. నిజానికి పగడం రాయి కాదు, ప్రాణి. సముద్రంలో సున్నపు గూడు కట్టుకుని అందులో కాపురముండే మెత్తని జీవి. చాలా రకాల పగడాల్లో రంగు ఉండేది గూటిలో కాదు, ఆ మెత్తని దేహంలో. ప్రాణం పోతే రంగూ పోతుంది, తెల్లని సున్నం మాత్రం మిగులుతుంది.

ఈ రోజు అనేక దేశాల్లో ఇంటి అక్వేరియంలో పగడాలను పెంచి, వాటి రంగు చెడకుండా చూసుకోవడం పెద్ద అభిరుచిగా మారింది. అయితే సముద్రజీవులను గాజుతొట్టెలో బతికించే విద్యను ఇంటింటికీ చేర్చినవాడు, అక్వేరియం అన్న మాటను వాడుకలోకి తెచ్చినవాడు ఒక బైబిలు బోధకుడని ఎంతమందికి తెలుసు? ఆయన పేరు ఫిలిప్ హెన్రీ గాస్.

1810 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని ఊస్టర్‌లో పుట్టి, పూల్ అనే ఓడరేవులో పెరిగాడు. తండ్రి ఊరూరా తిరిగి చిన్న చిన్న ముఖచిత్రాలు గీసి పొట్టపోసుకునే చిత్రకారుడు. ఇంట్లో ఎప్పుడూ డబ్బుకు కటకటే. అయితే ఒక మేనత్త ఉండేది. రేవు రాళ్లకు అంటుకుని పువ్వుల్లా విచ్చుకునే సీ అనిమోన్లను మేనల్లుడికి చూపించి, వీటిని గిన్నెడు సముద్రపు నీటిలో వేసి బతికించి చూడమని చెప్పింది ఆమే. పసివాడి మనసులో పడిన ఆ విత్తనం మొలకెత్తడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

17వ ఏట అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్‌లోని కార్బనియర్ రేవులో గుమాస్తాగా చేరాడు. 1832లో రెండు సంగతులు జరిగాయి. సూక్ష్మదర్శిని గురించిన పాత పుస్తకం ఒకటి కొని ప్రకృతి పరిశీలన మొదలుపెట్టాడు. అదే ఏడు ఇంటి దగ్గర చెల్లెలికి జబ్బు చేసిందన్న కబురు విని, తన ఆత్మ గురించి భయపడి ప్రభువుకు తన్ను తాను అప్పగించుకున్నాడు. ఆ రోజు నుంచి చచ్చేదాకా ఈ రెండూ ఆయనలో విడిపోలేదు. తర్వాత కెనడాలో వ్యవసాయం చేసి నష్టపోయాడు. 1838లో అలబామాలో కొన్ని నెలలు బడిపంతులుగా ఉండి, అక్కడి బానిసల దుస్థితి చూసి కలతచెంది ఇంగ్లండ్‌కు తిరిగొచ్చేశాడు. 1844 నుంచి 1846 దాకా జమైకాలో ఉండి పక్షులను పరిశీలించాడు. 1848లో ఎమిలీ బోస్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె సువార్త కరపత్రికలు రాసి, బండిలోనూ రైలులోనూ పక్కన కూర్చున్నవారికి పంచిపెట్టే విశ్వాసి. మరుసటి ఏడు కొడుకు ఎడ్మండ్ పుట్టాడు. ఆ రోజు డైరీలో గాస్ కొడుకు పుట్టిన సంగతితోపాటే జమైకా నుంచి ఒక స్వాలో పక్షి అందిన సంగతి కూడా రాసుకున్నాడట. నవ్వొచ్చినా, ఆయనెలాంటివాడో ఇది చెబుతుంది.

భార్యాభర్తలిద్దరూ బ్రదరెన్ సహవాసానికి చెందినవారు. మన గోదావరి జిల్లాల విశ్వాసులకు ఆ సహవాసం కొత్త కాదు. 1836లో గ్రోవ్స్ వెంట ఓడెక్కి మన దేశానికి వచ్చి, నరసాపురం ప్రాంతంలో సేవ చేసిన బౌడెన్, బీర్ కుటుంబాలు ఇంగ్లండ్‌లోని డెవన్‌లో బార్న్‌స్టేపుల్ నుంచి వచ్చినవే. దానికి కొద్ది మైళ్ల దూరంలోని ఇల్ఫ్రాకోంబ్ సముద్రతీరంలోనే గాస్‌కు పగడాలు దొరికాయి.

1852లో రాతపనితో ఆరోగ్యం చెడి, గాలి మార్పు కోసం ఆయన డెవన్ వెళ్లాడు. పాటు సమయంలో అలలు వెనక్కి తగ్గగానే, ఉలి సుత్తి పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో రాళ్ల గుంటలు వెదికేవాడు. ఇల్ఫ్రాకోంబ్‌లో సిందూరం, బంగారం కలిసిన రంగులో ఉన్న చిన్న పగడం ఒకటి ఆయన కంటబడింది. అంతవరకు ఎవరూ వర్ణించని జాతి అది. రాజసం ఉట్టిపడేలా దానికి రీజియా అని పేరు పెట్టాడు. శాస్త్రవేత్తలు ఇప్పటికీ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆ రోజుల్లో శాస్త్రవేత్తలు ఇలాంటి జీవులను స్పిరిట్ సీసాలో వేసి దాచేవారు. కొద్దికాలానికే రంగు వెలిసిపోయి ఏ పువ్వు ఏదో తెలియకుండా పోయేది. సృష్టికర్త వేసిన రంగును చూడాలంటే ప్రాణిని ప్రాణంతోనే చూడాలన్నది గాస్ పట్టుదల. మంచినీటి తొట్టెలో మొక్కలు, చేపలు ఒకదాన్నొకటి బతికిస్తాయని 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చూపించాడు. గాస్ ఆ సూత్రాన్ని సముద్రపు నీటికి పట్టుదలగా అమలుచేశాడు. పచ్చని సముద్రపు నాచును పీకి తెస్తే చస్తుంది, అది పట్టుకున్న రాయిని కూడా ఉలితో చెక్కి తేవాలి. గాజుకు పట్టే పాచిని నత్తలు మేస్తాయి. ఎండ నేరుగా తగలకూడదు. చచ్చినదాన్ని వెంటనే తీసెయ్యాలి, లేకపోతే తొట్టె మొత్తం కుళ్లుతుంది. ఇంకొక చిన్న కిటుకు ఉంది. తొట్టెలో నీరు ఇగిరినప్పుడు పొయ్యాల్సింది ఉప్పునీరు కాదు, మంచినీరు. ఇగిరిపోయేది నీరే గాని ఉప్పు కాదు గదా! సముద్రానికి దూరంగా ఉండేవారికోసం వంట ఉప్పు, ఎప్సమ్ ఉప్పు, మరి రెండు లవణాలు కలిపి సముద్రపు నీరు తయారుచేసే పద్ధతిని 1854లో ప్రకటించాడు. ఆయన పగడాలకు చిన్న మాంసపు ముక్కలు స్వయంగా అందించేవాడు. అవి నెమ్మదిగా నోరు తెరిచి మింగడాన్ని గంటలకొద్దీ చూసేవాడు.

నేడు ఇంట్లో పగడాలు పెంచేవారు ఎక్కువగా వెచ్చని సముద్రాల జాతులను పెంచుతున్నారు. వాటి దేహంలో కంటికి కనబడని నాచు కాపురముండి, ఎండతో ఆహారం వండి పెడుతుంది. నీరు 24 నుంచి 26 డిగ్రీల వేడిలో, లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుతో, 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియంతో నిలకడగా ఉండాలి. మేత ఎక్కువై నైట్రేటు, ఫాస్ఫేటు పెరిగితే ఆ నాచు విపరీతంగా పెరిగి పగడం మట్టిరంగుకు తిరుగుతుంది. నీరు మరీ వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి నెట్టేసి పాలిపోతుంది. పెట్టేది ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. రంగు కోసం నీటిలో కలిపే మందేమీ లేదు, నీటిని రోజూ కనిపెట్టుకుని ఉండటమే. సంఘాన్ని కాచేవారికి ఈ పని బాగా తెలిసినట్టే అనిపిస్తుంది మాకు.

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో తెరిచిన చేపల గృహానికి గాస్ జీవులను సేకరించి పంపాడు. 1854లో ఆయన రాసిన ది అక్వేరియం అనే పుస్తకం, అందులో ఆయన గీసిన రంగుల చిత్రాలు దేశాన్ని ఊపేశాయి. ధనవంతుల గదుల్లో గాజుతొట్టెలు వెలిశాయి. 1856లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. సరిగ్గా ఆ ఏడే ఎమిలీకి రొమ్ము క్యాన్సర్ బయటపడింది. నెలల తరబడి బాధాకరమైన చికిత్స చేయించుకుని, కొడుకును ప్రభువు కోసం పెంచమని భర్తకు అప్పగించి, 1857 ఫిబ్రవరిలో ఆమె ప్రభువునందు నిద్రించింది. ఆ ఏడే ఆయన ఓమ్‌ఫలోస్ అనే పుస్తకం తెచ్చాడు. ఆదాము బొడ్డుతో సృజించబడినట్టే, భూమి కూడా వయసు మళ్లిన గుర్తులతోనే సృజించబడిందని అందులో వాదించాడు. శాస్త్రజ్ఞులు నవ్వారు, విశ్వాసులూ ఒప్పుకోలేదు. మేమూ ఒప్పుకోలేం. జరగని చరిత్రను దేవుడు రాళ్లలో రాసిపెట్టాడనడం ఆయన సత్యస్వభావానికి తగిన మాట కాదు. కానీ కొత్తగా భార్యను పోగొట్టుకున్న మనిషి మీద ఆ ఎగతాళి ఎంత బరువుగా పడి ఉంటుందో ఆలోచించాలి.

ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని తీసుకుని డెవన్‌లోని సెయింట్ మేరీచర్చ్‌కు చేరాడు. అక్కడ ఒక చిన్న సంఘానికి బోధకుడయ్యాడు, 1860లో ఎలైజా అనే విశ్వాసిని పెళ్లి చేసుకున్నాడు. బ్రిటన్ అనిమోన్లు, పగడాల మీద ఆయన రాసిన గొప్ప గ్రంథం 1858, 1860 మధ్య భాగాలుగా వెలువడింది. తండ్రీ కొడుకులిద్దరూ రాళ్ల గుంటల మీద వంగి గంటలు గడిపేవారు. చిన్న ఎడ్మండే ఒక కొత్త రకం అనిమోన్‌ను కనిపెట్టాడు.

అయితే ఆ గుంటలు ఖాళీ అవుతూ వచ్చాయి. గాస్ పుస్తకాలు చదివినవారు ఉలులు, సీసాలు, బుట్టలు పట్టుకుని తీరాల మీద పడ్డారు. కనిపించిన ప్రతిదాన్నీ పెకలించుకుపోయారు. ఇంటికి చేర్చాక ఎన్ని బతికాయో ఊహించవచ్చు. నీటిని రోజూ కనిపెట్టుకునే ఓపిక అందరికీ ఎక్కడుంటుంది? దేవుని మహిమను చూపించాలని రాసిన పుస్తకమే ఆ తీరాన్ని బోడి చేసిందని గాస్‌కు కొన్నేళ్లకే అర్థమై, ఎంతో వేదన పడ్డాడని కొడుకు తర్వాత రాశాడు. ఆదికాండము రెండవ అధ్యాయంలో తోటను అప్పగించినప్పుడు సేద్యం చెయ్యడంతోపాటు కాపాడటం కూడా అప్పగించబడింది. మన దేశంలో పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. సముద్రంలోని దిబ్బలనుంచి వాటిని తీసి ఇంటికి తెచ్చుకోవడం నేరం.

కొడుకు సంగతి ఇంకా బరువైనది. తల్లికిచ్చిన మాట కోసం తండ్రి ఆ పిల్లవాణ్ని గాజుతొట్టెలోలాగే పెంచాడు. ఆ ఇంట్లో కథల పుస్తకాలు నిషేధం. పదేళ్లకే బాప్తిస్మం ఇప్పించి పెద్దల సరసన రొట్టె విరిచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. 17వ ఏట లండన్‌లో ఉద్యోగానికి వెళ్లిన ఎడ్మండ్‌కు, ఆత్మస్థితి గురించి ప్రశ్నలతో నిండిన ఉత్తరాలు విడవకుండా వచ్చేవి. క్రమంగా అతడు తండ్రి విశ్వాసానికి దూరమై, పేరుపొందిన సాహిత్య విమర్శకుడయ్యాడు. 1907లో అతడు రాసిన ఫాదర్ అండ్ సన్ చదివితే గాస్ ఒక కఠినుడిగానే కనిపిస్తాడు. 2002లో ఆన్ త్వైట్ రాసిన జీవితచరిత్ర అది పూర్తి నిజం కాదనీ, ఆ ఇంట్లో నవ్వూ ప్రేమా కూడా ఉన్నాయనీ చూపించింది. రెండూ నిజమే కావచ్చు. పగడానికి ఎంత వెలుగు కావాలో, ఎంత మేత చాలో అంత సున్నితంగా కనిపెట్టినవాడు తన కొడుక్కు ఏది ఎక్కువైందో చూడలేకపోవడం మాత్రం మమ్మల్ని బాధిస్తుంది.

చివరి ఏళ్లలో గాస్ ఆర్కిడ్ పూలు పెంచాడు, సూక్ష్మజీవులను పరిశీలించాడు, నక్షత్రాలను చూశాడు. ప్రభువు రెండవ రాకడ తన బతుకులోనే జరుగుతుందని, తాను మరణం చూడనని గట్టిగా నమ్మి ఎదురుచూశాడు. చలికాలపు రాత్రి తెరిచిన కిటికీ దగ్గర దూరదర్శినితో ఆకాశం చూస్తుండగా చలిగాలి తగిలి జబ్బుపడ్డాడు. మళ్లీ కోలుకోలేదు. 1888 ఆగస్టు 23న కన్నుమూశాడు. రెండేళ్లకు, 1890లో, ఆయన జీవితచరిత్రను మొదటిసారి గౌరవంగా రాసి అచ్చువేయించింది ఎడ్మండే.