వేమన పట్టిన అద్దం
భక్తి వేషంగా మారిన ప్రతి కాలంలోనూ సమాజాన్ని మందలించే మహనీయులు ఉదయిస్తూనే ఉంటారు. తెలుగునాట ఆ బాధ్యతను స్వీకరించినవారు యోగి వేమన.

ఆయన 17వ శతాబ్దం ప్రాంతం వారని పలువురు పండితుల అభిప్రాయం. యౌవనంలో భోగలాలసులై తిరిగిన వేమనకు వదినగారి వల్ల కనువిప్పు కలిగిందనీ, అభిరాముడనే స్వర్ణకారుని సాన్నిహిత్యంలో యోగమార్గం లభించిందనీ జనశ్రుతి. ఊరూరా సంచరించి, చివరకు కదిరి సమీపంలోని కటారుపల్లెలో సమాధి చెందారని విశ్వాసం. ఆయన పద్యాలను సేకరించి సి.పి. బ్రౌన్ 1829లో ఆంగ్లానువాదంతో అచ్చువేయించారు.

ఆ చిన్న పద్యాలకు అంతటి పదును ఎక్కడిది? గమనించండి. వేమన ఎక్కువగా చేపట్టినది ఆటవెలది అనే దేశి ఛందస్సు. ఉప్పు, మేడిపండు, వంటకుండ వంటి నిత్యం మన కంటబడే వస్తువులనే ముందు చూపుతారు. మనం అవునని తలూపుతాం. మరుక్షణం ఆ పోలిక మన దొంగభక్తి మీదికే తిరుగుతుంది. అప్పటికే ఒప్పుకున్న మనకు తప్పించుకునే దారి ఉండదు. ఆలంకారికులు దృష్టాంతమన్నది ఇదే.

మరొకటి, రెండు దృశ్యాలను పక్కపక్కన నిలపడం. రాతి నందికి మొక్కిన చేతులే నడిచే ఎద్దును బాదుతున్నాయని చూపుతారు. అలాంటి భక్తులు పాపులేనని తేల్చి చెబుతారు. అన్నదానాన్ని మాత్రం దానాలన్నింటికన్నా మిన్నగా నిలిపారు. పంచుకోకుండా భుజించడాన్ని ఋగ్వేదం 10వ మండలం కూడా పాపంగానే ఎంచింది.

అన్నింటికన్నా గొప్పది మకుటం. లోకాన్నంతా మందలించి, చివరి పాదంలో వినవలసినవాడిగా తన పేరే చెప్పుకున్నారు. అందుకే ఆ మాటలో అహంకారం లేదు.

విగ్రహారాధననూ వేమన విడిచిపెట్టలేదు. అర్చకుడనైన నాకు ఆ పద్యాలు గుచ్చుకుంటాయి. ఒక ఉత్సవం నాడు, అభిషేకానికి వేళ మించిపోతోందని, ఆకలితో ప్రసాదం అడిగిన వృద్ధుణ్ణి తరువాత రమ్మన్నాను. నేను గర్భాలయం నుండి వెలుపలికి వచ్చేసరికి ఆయన లేరు. ఆనాటి నైవేద్యం స్వామికి చేరిందో లేదో నేటికీ నాకు సందేహమే.

మీరూ నేడు దీపారాధన ముగించి లేచేటప్పుడు ఒక్కసారి గుమ్మం వైపు చూడండి. అక్కడ ఆకలితో ఎవరైనా నిలబడి ఉంటే, పూజ ఇంకా పూర్తికాలేదని గ్రహించండి.