పడక మీద ఇరవై ఏళ్లు

సాహసం అనగానే మనకు సముద్రాలు దాటడం, ప్రమాదాలకు ఎదురెళ్లడం గుర్తుకొస్తాయి. ఏమీ కార్‌మైకేల్ జీవితంలో అవన్నీ ఉన్నాయి. 1867లో ఐర్లండ్‌లో పుట్టిన ఆమె సువార్త సేవ కోసం 1893లో జపాన్ వెళ్లి, అనారోగ్యంతో తిరిగి వచ్చింది. అయినా వెనుదీయక 1895లో భారతదేశం చేరింది. మళ్లీ స్వదేశం ముఖం చూడలేదు.

1901లో, గుడికి అర్పించబోతున్న ఒక చిన్నారి పారిపోయి ఆమె పంచన చేరింది. అప్పటి నుంచి అలాంటి పిల్లలను కాపాడటమే ఆమె పని అయింది. చీర కట్టి, చేతులకు కాఫీ రంగు పూసుకుని వారి ఆచూకీ కోసం తిరిగేది. నీలికళ్లు ఇమ్మని చిన్నప్పుడు ప్రార్థించినా దేవుడు ఎందుకు ఇవ్వలేదో అప్పుడామెకు అర్థమైంది. తమిళనాట దోహ్నావూరులో ఆమె నెలకొల్పిన ఆశ్రయం వందలాది పిల్లలకు ఇల్లయింది.

1931లో గోతిలో పడి కాలు విరిగింది. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ఆమె లోకం ఒక్క గదే. అయితే ఆమె సేవ ఆగలేదు. పడక మీదనుంచే పుస్తకాలు రాసింది, పిల్లలకు ఉత్తరాలు రాసింది, ప్రతి ఒక్కరి కోసం ప్రార్థించింది. 1951లో 83వ ఏట ప్రభువు సన్నిధికి చేరింది. ఆమె కోరిక మేరకు సమాధిపై రాయి నిలపలేదు. పిల్లలు పక్షులకు నీటితొట్టె కట్టించి, దానిమీద అమ్మ అని మాత్రం చెక్కించారు.

మన సంఘాల్లోనూ మంచం పట్టిన విశ్వాసులున్నారు. పండ్లిచ్చి, జాలిపడి వచ్చేస్తాం. మన కోసం ప్రార్థించమని వారిని అడుగుతున్నామా? దేవుడు వారిని సేవలోనుంచి తొలగించలేదు. మనమే తొలగించాం.